ఎలుకల జాడ

ఆంగ్లభాషకు మన తెలుగుభాష యిచ్చిన మాటలు మిక్కిలి కొద్ది. ఆ కొద్దింటిలో పందికొక్కు ఒకటి. పందివలె గుఱ్ఱుమనుచు నేలను త్రవ్వు ఈ కొక్కునకు మనవారు పెట్టిన పేరును తెల్లవారు ‘బాండికూటు’ అని పలికి తమ నిఘంటువులలో చేర్చుకొనిరి. పిమ్మట ఆస్ట్రేలియా ఖండమందలి యొక సంచిజంతువునకు గూడ ఆ పేరే పెట్టిరి. సముద్రములు దాటిపోయిన తెలుగుమాట ఒక కొక్కుపేరగుట మొదట విచిత్రముగా తోచును. కాని వరి పండు దేశమున జనులు దినదినమును తలచుకొను పేరులలో నది యొకటియై యుండుటచేత అందు వింత లేదు.

ఈ సంచికయందు చదువునుగూర్చియు, శీలమునుగూర్చియు ఏటేట మంచి వ్యాసములు వెలువడుచున్నవి. వానినడుమ ఎలుకలనుగూర్చి వ్రాయుట ఉపాధ్యాయునకు తగునా యని కొందఱు విద్యార్థులు నవ్వవచ్చును. మేము 20 ఏండ్లకు పైగా ఈ పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించుచున్నాము. అందు సగముకాలము బోర్డింగు కొట్టుగది తాళపుచెవులును మాయొద్దనే యున్నవి. పుస్తకముల బీరువాను, బియ్యపు బస్తాలను ఏకకాలమున కాపాడవలసిన వానికి ఎలుక నవ్వి విడువదగిన విషయము కాదు. ఎలుకను పట్టుటకు బోనొకటే చాలదనియు, మొదట దాని జాడను చదువ నేర్వవలెననియు, చదివినదానిని పొరుగువారితో కలసి యాచరింపవలెననియు మా యనుభవమున తెలిసికొంటిమి. ఆ సంగతియే యిక్కడ చెప్పదలచితిమి.

మన యిండ్లచుట్టు తిరుగునవన్నియు నొక్క జాతివి కావు. ఇంటికప్పున, చూరునందు, కొబ్బరిచెట్ల మొవ్వులలో తిరుగునది నల్లయెలుక. దాని తోక తలతో గూడిన యొడలికంటె పొడవుగా నుండును. బీరువాలలోను, పెట్టెలలోను దూరునది చిట్టెలుక. నేలలో కన్నము త్రవ్వి మంటిని వాకిట కుప్పగా పోయునవి కొక్కులు. వీనిలో పొలములందును ఊళ్లయందును ఎక్కువ నష్టము కలిగించునది చిన్నపందికొక్కు. ఇవిగాక గోడవెంబడి కిచకిచలాడుచు పరుగెత్తు చుంచు ఒకటి కలదు. దాని మూతి పొడవు, కన్నులు మిక్కిలి చిన్నవి, వాసన దుస్సహము. జనులు దానిని చుంచెలుక యందురు గాని అది యెలుకజాతిది కాదు. బొద్దింకలను, పురుగులను తిని బ్రతుకునది. బోనులో చుంచు పడినచో ఎలుక తొలగినదని సంతోషింపరాదు.

ఎలుకకు పైన రెండు, క్రింద రెండు ఉలివంటి పండ్లు కలవు. అవి ఆ జంతువు బ్రతికియున్నంతకాలము పెరుగుచునే యుండును. వాని ముందువైపున గట్టి పూత యుండి వెనుకభాగము మెత్తగా నుండుటచేత, వెనుకవైపు త్వరగా అరిగి అంచు ఎల్లప్పుడును పదునుగా నిలుచును. కావున ఆకలి లేకున్నను అది యేదో యొకటి కొఱుకుచుండును. తలుపు క్రిందిబద్ద, సబ్బుబిళ్ల, అట్టపుస్తకము, విద్యుత్తుతీగపై తొడుగు, దానికన్నియు నొక్కటే. తొడుగు పోయిన తీగలు రెండు తగిలి ఇండ్లు కాలుటయు కలదు. ఆడుయెలుక సుమారు మూడు వారములు గర్భము మోసి, ఒక్కొక్క కాన్పున ఆఱేడు పిల్లలను, కొన్నిమాఱు లంతకు మించియు పెట్టును. ఆ పిల్లలు రెండు మూడు నెలలలో తామును పిల్లలు పెట్ట నారంభించును.

విద్యార్థులు లెక్కకు వెఱవకుందురుగాక. ఒక నల్లయెలుక దినమునకు సుమారు 20 గ్రాముల తిండి తినుననుకొందము. కొట్టుగదిలో 20 ఎలుకలున్నచో దినమునకు 400 గ్రాములు, నెలకు 12 కిలోలు. బోర్డింగులోని యొక బాలుడు నెలదినములు తిను బియ్యము ఇంచుమించుగా నింతే. అనగా హాజరుపట్టికలో పేరులేని బాలుడొకడు మనతో కూర్చుండి మూడు పూటలును భుజించుచున్నాడన్నమాట. ఇది తిన్నదానిని గూర్చిన లెక్క మాత్రమే. మూత్రముచేతను, పెంటికలచేతను, వెండ్రుకలచేతను పాడై పాఱవేయవలసినది ఇంకను ఎక్కువ.

ధాన్యము పోయినచో మరల కొనవచ్చును. ఎలుకవలన ప్రాణములు పోవుటయు కలదు. 1896వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్లేగు పొడసూపి, అటుపిమ్మట మూడు దశాబ్దములకు పైగా ఈ దేశమున సంచరించి, కోటిమందికి మించి బలిగొన్నది. 1894లో హాంకాంగునందు యెర్సెను అను శాస్త్రజ్ఞుడు దాని సూక్ష్మజీవిని కనుగొనెను. 1898లో కరాచీనగరమున సిమాండు అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుక యొడలిపై నుండు గంతులు వేయు చిన్న రక్తపురుగే ఆ సూక్ష్మజీవిని మోయునని ప్రయోగపూర్వకముగా చూపెను. ఎలుక చచ్చి యొడలు చల్లబడగానే యా పురుగు దానిని విడిచి మనుష్యుని పట్టును. ఈ శాస్త్రమేమియు తెలియకున్నను, ఆ కాలపు పల్లెవారు ఇంటిలో ఎలుకలు రాలి చచ్చుట చూడగనే మూటముల్లె కట్టుకొని ఊరి వెలుపల పాకలు వేసికొనెడివారు. వారు ఎలుక జాడను చదివినవారు. 1994లో సూరతు నగరమున ప్లేగు మరల కనబడినపుడు జనులు వేలకు వేలుగా ఊరు విడిచిపోయిరి. నేడు ఆ రోగమును సకాలమున గుర్తించినచో మందులతో కుదుర్చవచ్చును.

మన డెల్టా ప్రాంతమున ప్లేగుకంటె నెక్కువగా జ్ఞప్తియందుంచుకొనవలసినది లెప్టోస్పైరోసిస్ అను ఎలుకజ్వరము. ఎలుక మూత్రముతో వెలువడు సూక్ష్మజీవులు నిలువనీటిలోను, తడిమంటిలోను చాలదినములు బ్రతుకును. పాదమునందలి చిన్న గాయమునుండియైనను అవి యొడలిలో చొచ్చును. కేరళరాష్ట్రమున 2018 ఆగస్టు వరదలు తీసిన వెంటనే ఈ జ్వరము వ్యాపించి పలువురు మరణించిరి. మా బోర్డింగు బాలుడొకడు వానకాలపు సెలవులలో తండ్రికి సాయముగా నారుమడిలో దిగి, కాలి కురుపుతోనే తిరిగివచ్చెను. వారము గడువకముందే జ్వరము వచ్చెను. పిక్కలు ముట్టుకొననీయనంత నొప్పి, కన్నులు ఎఱ్ఱబడెను. మేము వానిని ఆసుపత్రికి తీసికొనిపోగా, వైద్యులు మొట్టమొదట అడిగిన ప్రశ్న ‘వట్టికాళ్లతో నీటిలో దిగినాడా?’ అనునది. ఆ ప్రశ్న ఆలస్యము కాకుండుటచేతనే మందు ఆలస్యము కాలేదు. వాడు పదిదినములలో లేచి తిరిగెను. ఆలస్యమైనచో ఈ జ్వరము కామెరలుగా మాఱి మూత్రపిండములను చెఱచును.

పొలములో ఎలుక చేయు పని మఱియొక విధముగా నుండును. అది వరిదుబ్బును మొదటికంటా పీకదు. నేలకు కొంచెము పైన పిలకలను ఏటవాలుగా, చాకుతో కోసినట్లు తెంచును. గట్టుమీద నిలుచువానికి అంచులు పచ్చగా కనబడుచుండగా, లోపల చేనినడుమ బోడియగుచుండును. వెన్ను పండిన పిమ్మట పందికొక్కులు దానిని కొఱికి కన్నములలోనికి మోసికొనిపోయి దాచును. కొన్ని సంవత్సరముల క్రిందట మా తొమ్మిదవ తరగతి విద్యార్థి తండ్రి, రెండెకరముల కౌలురైతు, దాళ్వా కోతలైన పిమ్మట మాయొద్దకు వచ్చి కుమారుని సర్టిఫికేటు ఇప్పింపుడని అడిగెను. ‘అయ్యగారూ, కౌలుబస్తాలు కొలిచినాక మాకు గింజ మిగలలేదండి. కొక్కులు మా వంతు ముందే తీసికొన్నవి. వీడిని చెఱువులపనికి పంపుదును’ అని ఆయన చెప్పెను. ఆ బాలుడు మా బల్లయొద్ద తలవంచుకొని నిలిచియుండెను. ఆ యేటి బోర్డింగు రుసుమును తరువాతి పంటవఱకు ఆపుటకు యాజమాన్యమువారు అంగీకరించుటచేత వాని చదువు నిలిచినది. ఎలుక కొఱుకునది గింజతో నాగదని మాకు నాడు తేటపడినది.

ఇది యొక యింటి కథ. దేశమునకే యిట్టిది జరుగుటయు కలదు. మిజో కొండలలో కొన్ని జాతుల వెదురు సుమారు 48 ఏండ్ల కొకసారి మూకుమ్మడిగా పూచి విత్తును. ఆ విత్తనములు తిని ఎలుకలు లెక్కకు మించి పెరుగును. విత్తనము తరుగగానే అవి పొలములపై పడును. 1959లో నట్లు పుట్టిన క్షామము ఆ ప్రాంతపు రాజకీయచరిత్రనే మార్చినది. క్షామనివారణకై యేర్పడిన సంఘమే తరువాత మిజో నేషనల్ ఫ్రంటు అయినది. మరల 2007, 2008 సంవత్సరములలో వెదురు పూచినపుడును అచ్చటి పంటలు నశించినవి.

ఇక జాడల సంగతి. ఎలుక రాత్రి తిరుగునది గావున తఱచుగా మనకంట బడదు. పగటివేళనే నిర్భయముగా తిరుగుచున్నదనగా, అచ్చట వాని సంఖ్య పెరిగి రాత్రితిండి చాలకున్నదని ఊహింపవచ్చును. అంతవఱకు ఆగక ముందే తెలిసికొనుటకు సాధనములు కలవు. మేము శిక్షణకళాశాలలో నున్నపుడు ప్రకృతిపాఠము చెప్పు గురువుగారు వంటయింటి మూలను కొంచెము పిండి పలుచగా చల్లించి, మఱునాడు మమ్మందఱిని వంగి చూడుమనెడివారు. ముందుకాళ్ల ముద్రలో నాలుగు వ్రేళ్లు, వెనుకకాళ్ల ముద్రలో అయిదు వ్రేళ్లు, నడుమ తోక యీడ్చిన గీత. ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోయినది, ఏ బస్తాయొద్ద ఆగినది, అంతయు ఆ పిండిలో వ్రాసియుండెను.

ఆ పాఠమునే మేము కొట్టుగదిలో ఏటేట విద్యార్థులచేత చేయించుచున్నాము. మొదట చూడవలసినవి పెంటికలు. చిట్టెలుకవి బియ్యపుగింజకు మించక సన్నగా నుండును. నల్లయెలుకవి సుమారు 12 మిల్లీమీటర్ల పొడవుండి రెండుకొనలు సన్నగిల్లును. పందికొక్కువి ఇంకను లావు. నల్లగా, మెత్తగా, మెఱయుచున్నవి క్రొత్తవి. బూడిదరంగై నలిపిన పొడియగునవి ప్రాతవి. పాతవానిని శుభ్రముచేసి మఱునాడు చూచినచో, ఎలుకలు ఇంకను వచ్చుచున్నవో లేదో తెలియును. ఎండిన పెంటికలను చీపురుతో ఊడ్చి ధూళి రేపరాదు. బ్లీచింగు నీటితో తడిపి, గుడ్డతో తీసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

రెండవది దారి. ఎలుక చూపుకంటె మీసములను నమ్మి గోడ నానుకొని నడచును. ఒకే దారిని మాటిమాటికి పోవుటచేత దాని యొడలి జిడ్డు గోడకును, దూలమునకును పట్టి నల్లని చారయగును. మూడవది పంటిగాటు. క్రొత్తగా కొఱికిన కఱ్ఱ లేతరంగున నుండి క్రింద పొట్టు రాలియుండును, ప్రాతగాటు నల్లబడును. నాలుగవది గూడు: చింపిన కాగితము, గోనెపీచు, గుడ్డపేలికలు బీరువావెనుక ముద్దగా కనబడును. అయిదవది ధ్వని, వాసన. దీపము లార్పిన పిదప కప్పుపై గీకుడు వినబడినను, మూసిన గది తెఱచినపుడు ఘాటైన మూత్రపువాసన కొట్టినను సందేహింపవలెను. ఒకసారి మా బస్తాలు పైకి చెక్కుచెదరక యుండియు ఎత్తగానే అడుగునుండి బియ్యము జలజల రాలెను. నాటినుండి బస్తాలను గోడకు మూరెడు ఎడముగా, నేలకు జానెడు ఎత్తున బల్లలపై పెట్టించుచున్నాము. అట్లు చేసినచో దీపము పట్టి నాలుగు వైపులను చూడవచ్చును.

ఆఱవది కన్నము. కన్నములన్నింటిలో ఎలుకలుండవు. సాయంకాలము అన్నింటిని బురదతో మూసి, మఱునాటి యుదయమున ఎన్ని తెఱచియున్నవో లెక్కింపవలెను. తెఱచినవే కాపురమున్నవి. మా విద్యార్థులు ఆటస్థలము ప్రక్కగట్టున ఈ పరీక్ష చేసినపుడు, మూసినవానిలో మూడవవంతు మాత్రమే తెఱచియుండెను. మిగిలినవానికై మందును, శ్రమయు వ్యర్థము కాకుండుట ఆ యొక్క రాత్రి యోపికచేతనే.

జాడ తెలిసినపిదప చేయవలసినవానిలో మొదటిది తిండియు, తావును లేకుండ చేయుట. మూతలేని డబ్బా, రాత్రి కడుగని గిన్నె, ఎంగిలాకుల కుప్ప, ఇవి యున్నంతకాలము బోనులోని ఎరను ఎలుక లెక్కచేయదు. పెన్సిలు దూరునంత సందు చిట్టెలుకకు చాలును. గోడకన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చి, తూములకు సన్నని ఇనుపవల బిగించి, తలుపు అడుగున రేకు కొట్టింపవలెను. కొబ్బరితోటలలో చెట్టుబోదెకు ఎత్తున రేకుపట్టీ చుట్టుటయు ఈ విధమైన యుపాయమే. పట్టీపై ఎలుక గోరు నిలువదు. అయితే ప్రక్కచెట్టు మట్టలు తగులుచున్నచో పట్టీ నిష్ప్రయోజనము.

రెండవది పట్టుట. ఎలుక క్రొత్తవస్తువును శంకించును. కావున బోనులో ఎర పెట్టి తలుపు పడకుండ రెండుమూడు రాత్రులు ఊరక విడిచి, తిండికి అలవాటుపడినపిదప బిగింపవలెను. విషము విషయమునను అది యింతే జాగ్రత్తగలది. కొంచెమే రుచిచూచి, కడుపులో బాధ కలిగినచో ఆ తిండిని మరల ముట్టదు. అందుచేత నెమ్మదిగా పనిచేయు మందులు కావలసివచ్చెను. అమెరికాలో బూజుపట్టిన తీపిక్లోవరు గడ్డి మేసిన పశువులు రక్తము గడ్డకట్టక చనిపోవుచుండగా, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ లింకు అను రసాయనజ్ఞుడును ఆయన శిష్యులును దాని కారణమైన పదార్థమును 1940 నాటికి వేఱుచేసిరి. ఆ పరిశోధననుండియే 1948లో వార్ఫరిన్ అను ఎలుకలమందు పుట్టినది. 1954 నుండి అదియే తగిన మోతాదున మనుష్యులకు గుండెజబ్బులలో ఔషధమైనది. నేడు పొలములలో వాడు బ్రోమాడయోలోన్ ఆ వంశమునకు చెందినదే. 100 పాళ్లలో 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతము మందుపొడి కలిపి, పొట్లములు కట్టి, కాపురమున్న కన్నములలో లోతుగా పెట్టుదురు. దినములు గడచినపిదప గాని ఎలుక చావదు గావున తక్కినవి దానిని శంకింపవు.

ఈ పని పెద్దలది. విద్యార్థులు మందును తాకనేరాదు. మందు కలిపిన గిన్నె మరల వంటయింటికి రారాదు. చచ్చిన ఎలుకను చేతితో ముట్టక లోతుగా పాతవలెను. ఎవరైన నీ మందు మ్రింగినట్లు అనుమానము కలిగినచో, ఒంట్లో బాగుగనే యున్నదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను, పొట్లముకాగితము గూడ తీసికొనిపోవలెను. దీనికి విటమిన్ కె విఱుగుడుగా కలదు.

మనకు సహాయులును లేకపోలేదు. మన యానాదులు గట్టుమీది మట్టిని చూచి ఏ కన్నమున కొక్కు ఉన్నదో చెప్పగలరు. చిల్లుకుండలో గడ్డి రాజవేసి పొగ ఊది, విషము లేకయే దానిని బయటికి రప్పించి పట్టుదురు. బడిలో నేర్వని విద్య గనుక దానిని తక్కువగా చూచుట తగదు. రాత్రివేళ కీచుమను చావుపిట్టను అపశకునమని రాళ్లతో కొట్టుచున్నాము గాని, ఆ తెల్లగూబ ఆహారములో అధికభాగము ఎలుకలే. జెఱ్ఱిపోతు విషము లేనిది, ఎలుకలను వేటాడునది. దానినిగూడ కనబడినచోటనే చంపుచున్నాము. పొలములో ఎత్తుగా కొయ్యలు పాతి గూబలకు వ్రాలు తావు కల్పించిన రైతులు తెలివిగలవారు.

ఇన్ని చెప్పినను ఒకటి మిగిలియున్నది. ఒక యింటివాడు తన యిల్లు బాగుచేసికొన్నచో ఎలుకలు ప్రక్కింటికి పోవును. వాని బోనులు తీయగానే తిరిగివచ్చును. ఒక్క రైతు మందు పెట్టినచో నాలుగు గట్ల యవతలనుండి క్రొత్తవి వచ్చి ఆ కన్నములలోనే కాపురము పెట్టును. పైని చెప్పిన కౌలురైతు మఱుసటి సార్వాలో తన కాలువక్రింది రైతులందఱి యింటికిని పోయి, కుమారుని నోటుపుస్తకములో వారి పేరులు వ్రాయించెను. ఇద్దఱు మొదట ఒప్పుకొనలేదు. వారి చేలు నడుమనున్నవి. వారు రానిచో అంతయు వృథా. మూడుమాఱులు తిరిగినపిదప వారును వచ్చిరి. పైరు చిరుపొట్టకు రాకముందే ఒక సాయంకాలము అందఱును కన్నములు మూసిరి. మఱునాడు తెఱచినవానిలోనే పొట్లములు పెట్టిరి. పదిదినముల పిమ్మట మరల మూసి చూచిరి. ఆ యేడు ఆయన కౌలు కొలిచి, మా బాకీ తీర్చి, కుమారునికి క్రొత్త చెప్పులుగూడ కొనెను. బాలుడు పదవతరగతి మాయొద్దనే ముగించెను.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో మీకు మేమిచ్చు పని యిది. మీ యింటిలోను, దొడ్డిలోను, గట్టుమీదను ఉన్న కన్నముల నన్నింటిని ఒక సాయంకాలము పెద్దల యనుమతితో, కాళ్లకు చెప్పులు తొడిగికొని, పారతో మట్టివేసి మూయుడు. కన్నములో చేయి పెట్టకుడు. ఎలుక యున్నచోట పాము నుండవచ్చును. వంటయింటి మూలను గుప్పెడు పిండి పలుచగా చల్లుడు. ఉదయమున తెఱచిన కన్నములెన్నో, పిండిలోని జాడ యెటుపోయినదో ఒక కాగితమున పటముగా వ్రాయుడు. పిమ్మట ఇరుగుపొరుగు రెండిండ్లవారికి ఆ పటమును చూపి, వారి యిండ్లలోను అట్లే చేయింపుడు. బడి తెఱచిన దినమున ఆ మూడిండ్ల పటములను మాకు తెచ్చి చూపవలెను. ఒక్క యింటి పటము తెచ్చినవారికి సగము మార్కులే.